ఎదురీదలేని జీవులు ఊరెలా చేరతాయి? ఆటుపోట్లు, ప్లాంక్టన్ కథ

కాకినాడ తీరంలో ఓ గ్లాసు సముద్రపు నీళ్లు ముంచారనుకోండి. చూడటానికి మామూలు నీళ్లే. మైక్రోస్కోప్ కింద పెడితే మాత్రం బోలెడు ప్రాణులు! ఇవే ప్లాంక్టన్. ఎండతో ఆహారం తయారు చేసుకునేవి వృక్ష ప్లాంక్టన్, వాటిని తిని బతికేవి జంతు ప్లాంక్టన్. ప్రవాహానికి ఎదురీదే శక్తి వీటికి లేదు. మరి ఇవి ఎక్కడుండాలో ఎవరు తేలుస్తారు? తీరం దగ్గర చాలావరకు ఆటుపోట్లే.

మన కోరంగి మడ అడవుల్నే తీసుకోండి. అక్కడ సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి పోటు వస్తుంది. ఉప్పునీళ్లతో పాటు సముద్రపు ప్లాంక్టన్ కూడా కాలువల్లోకి ఎక్కుతుంది. ఆటు మొదలైతే, కుళ్లిన మడ ఆకుల నుంచి వచ్చిన పోషకాలు సముద్రం వైపు దిగుతాయి. అంటే ఒకే చోట పొద్దున తీసిన నీళ్లలో, మధ్యాహ్నం తీసిన నీళ్లలో వేర్వేరు జీవులు కనిపించొచ్చు!

అమావాస్య, పౌర్ణమికి పోటు జోరుగా ఉంటుందని మత్స్యకారులకు బాగా తెలుసు. ఆ జోరుకి అడుగు బురద, అందులోని పోషకాలు పైకి లేస్తాయి. కానీ నీళ్లు మురికై వెలుతురు తగ్గుతుంది. అష్టమి రోజుల్లో పోటు నెమ్మదిస్తుంది. బురద దిగిపోయి ఎండ లోపలికి వెళ్తుంది. పోషకాలు కూడా ఉంటే వృక్ష ప్లాంక్టన్‌కి అదే అదను. గోదావరికి వరదొస్తే మాత్రం ఈ లెక్కంతా మారిపోతుంది. అప్పుడు నదిదే పైచేయి.

అసలు తెలివి రొయ్య పిల్లలది. టైగర్ రొయ్య తీరానికి దూరంగా సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు మొదట ప్లాంక్టన్‌గానే తేలుతూ తీరం వైపు వస్తాయి. ఎదురీదలేవు గానీ పైకీ కిందికీ కదలగలవు. పోటు రాగానే పైకి లేస్తాయి, ఆటు మొదలవగానే అడుగుకు దిగి ఆగిపోతాయి. మన ఊరి బస్సొస్తే ఎక్కడం, లేదంటే స్టాపులో కూర్చోవడం అన్నమాట! అలా అంచెలంచెలుగా మడ అడవికి చేరి, అక్కడే పెరుగుతాయి.

ఇప్పుడు చెప్పండి, చెరువు కోసం గట్టు వేసి ఓ కాలువ మూసేస్తే ఏమవుతుంది? ఒక్క చెట్టు నరక్కపోయినా సరే, పోషకాలు బయటికి రావు, పిల్లలు లోపలికి పోవు. ఆ లోటు తర్వాత వలల్లో తెలుస్తుంది. అందుకే మడ అడవిని కాపాడటమంటే పోటు నడిచే దారిని కాపాడటం కూడా.

మీ తీరంలో పోటు ఏ వేళకి వస్తుందో గమనించి కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!