డ్రిప్పుకు ఇసుక ఫిల్టరు

నందికొట్కూరు చుట్టుపక్కల కేసీ కాలువ నీళ్లు గుంటకు నింపుకొని డ్రిప్పు నడిపేవాళ్లకు జల్లెడ ఫిల్టరు ఒక్కటే చాలదు. గుంటలో పట్టే పాచి మెత్తనిది, జల్లెడ కన్నుల్లోంచి జారిపోయి డ్రిప్పర్లలో పేరుకుంటుంది. దాన్ని పట్టేది ఇసుక ఫిల్టరే.

ఎప్పుడు కడగాలి? ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న గేజీలు చూడండి. రెంటికీ తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కిలో దాటిందంటే బ్యాక్‌వాష్ చేయాల్సిందే. వాల్వులు మారిస్తే నీళ్లు కిందినుంచి పైకి ఎక్కుతాయి, ఇసుక పొంగుతుంది, మురికి బయటి పైపులో పోతుంది. నీళ్లు తేటపడేదాకా ఆపొద్దు. వాల్వు మరీ తెరిస్తే మాత్రం ఇసుకే కొట్టుకుపోతుంది. బయటికొచ్చే నీళ్లు దోసిట పట్టి చూడండి, రేణువులు తగిలితే వాల్వు కాస్త బిగించండి.

చవకని వంక ఇసుక పోసేవాళ్లున్నారు. అది దండగ పని. నున్నటి రేణువులు పాచిని సరిగా పట్టవు, కోసులున్న సిలికా ఇసుకే కావాలి. కాలువకు ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో రోజూ కడగాల్సి రావచ్చు. ఒండ్రు ముందే గుంటలో పేరుకోనిస్తే ఫిల్టరుకు కొంత బరువు తగ్గుతుంది.

ఎరువు ఎక్కించే వెంచురీని ఇసుక ఫిల్టరు తరవాత, జల్లెడకు ముందు పెట్టించుకోండి.