దేహములోని తొలి నిల్వ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునాడు రేడియోధార్మికతను గురించి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. అణువను మాట వినగానే మనకు హిరోషిమా జ్ఞప్తికి వచ్చును. కాని ఈ సభలోనున్న ప్రతివారి దేహములోను ఆ ధర్మముగల పదార్థము పుట్టుకనుండియు కొంత ఉన్నది. అది ఎంత? దానిని ఎట్లు కొలుతురు? కొలిచినందువలన ప్రయోజనమేమి?

ప్రకృతిలోని పొటాషియమున పదివేల పాళ్లకు సుమారు ఒక పాలు పొటాషియం-40 అను రేడియోధార్మిక పదార్థము. దాని అర్ధజీవిత కాలము సుమారు 125 కోట్ల సంవత్సరములు. కనుక భూమి పుట్టిననాటి నిల్వలో కొంత నేటికిని మిగిలియున్నది. మనము తిను రాగి సంగటిలోను, మామిడిపండులోను అది కలదు. నూరు గ్రాముల వేరుసెనగ గింజలలో సెకనుకు సుమారు 20 పరమాణువులు విచ్ఛిన్నమగును. 70 కిలోల మనిషిలో సుమారు 140 గ్రాముల పొటాషియముండును. అందు సెకనుకు 4,000కు పైగా విచ్ఛిత్తులు జరుగును. కార్బన్-14 వలన మరి 3,000కు పైగా జరుగును. ఇందుకు భయపడ పనిలేదు. దేహము తనకు వలసినంత పొటాషియమునే నిలుపుకొని, తక్కినది మూత్రములో విడుచును. వేరుసెనగలు అధికముగా తిన్నంతమాత్రమున నిల్వ పెరుగదు.

ఇక కొలుచు విధానము. పొటాషియం-40 విచ్ఛిత్తులలో నూటికి సుమారు 11 గామా కిరణమును వెలువరించును. అందు చాలభాగము దేహమును దాటి బయటికి వచ్చును. మనిషిని మందమైన ఉక్కుగోడల గదిలో పరుండబెట్టి, చేరువలో సోడియం అయొడైడు స్ఫటికమునుంచి, కిరణము తగిలినపుడెల్ల అందు పుట్టు మెరుపులను లెక్కింతురు. యంత్రము మనపై ఏ కిరణమును ప్రసరింపదు. మెరుపు తీవ్రతనుబట్టి అది ఏ పదార్థమునుండి వచ్చినదో గుర్తింతురు. చుట్టునున్న రాతినుండి, ఆకాశమునుండి వచ్చు కిరణములను ఉక్కు తగ్గించును. అణ్వస్త్ర ప్రయోగముల ధూళి సోకని ఉక్కు కావలెనని, 1945కు పూర్వము తయారైన దానిని ఏరి తెచ్చుకొన్నవారును కలరు. మన దేశమున ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమునందు ఇట్టి యంత్రములు కలవు.

యురేనియము సంగతి వేరు. దాని ఆల్ఫా కణములు చర్మమును దాటలేవు. కావున మూత్రమును పరీక్షించి దేహములోని యురేనియమును అంచనా వేయుదురు.

ఈ లెక్క మనకెందుకు? పొరుగు కడప సీమలో, పులివెందులకు సమీపమున, తుమ్మలపల్లెయందు 2012లో యురేనియము శుద్ధి కర్మాగారము ప్రారంభమైనది. వ్యర్థముల చెరువువలన బోరునీరు చెడినదని చుట్టుపట్ల రైతులు ఫిర్యాదు చేసిరి. ఆ ప్రాంతపు రాతిలోనే యురేనియమున్నది. కనుక నీటిలో కనబడినదంతయు కర్మాగారపుదే అనుటయు, అంతయు సహజమే అనుటయు రెండును తొందరపాటు మాటలే. గని త్రవ్వకమునుపు అదే బావినీటిని, అదే ప్రజల దేహములను పరీక్షించి వ్రాసిన లెక్క చేతనున్నవాడే నిజము తేల్చగలడు. తొలి నిల్వ వ్రాయని ఆవర్జాలో తరువాతి జమాఖర్చులెన్ని వ్రాసినను వ్యర్థమే. అట్టి లెక్క లేనిచోట నష్టపోవునది సామాన్యముగా బీదరైతే. ఏలయన ఋజువు తెమ్మని అతనినే అడుగుదురు.

తిరుపతి చిత్తూరు మార్గముననున్న గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో గాలిలోని రేడాన్ వాయువును కొలిచియున్నారు. మన గాలికి అట్టి లెక్క మొదలైనది. మన నీటికిని, మన దేహములకును కూడ కావలదా? త్రాగునీటిలో యురేనియము లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన ఊరి బావులలో ఎంత ఉన్నదో పరీక్ష చేయింపవలెను.

కావున నాదొక మనవి. పరీక్షా ఫలితములను తేదీతో, బావి పేరుతో ఒక పుస్తకమున వ్రాసి ఈ గ్రంథాలయములోనే భద్రపరచుడు. కథలను, కావ్యములను ఇరువదియైదేండ్లు కాపాడిన ఈ బీరువాలలో ఆ చిన్న పుస్తకమునకును చోటుండును. స్వర్ణోత్సవమునాటికి మన బిడ్డలకు అది అక్కరకు వచ్చును.