పాఠమునకు వేళ



1967లో నాగార్జునసాగరమునుండి కుడికాలువకు నీరు విడిచిన పిదప పల్నాటి రైతు ఒక సత్యము గ్రహించెను. జలాశయము నిండుట ఒకటి. చివరి చేనికి వేళకు నీరందుట వేరొకటి. ఒక్కుమ్మడిగా విడిచిన నీరు గట్టు తెంచును. ఆలస్యమైన నీరు ఎండిన పైరును బ్రతికింపదు. విద్యయు అట్టిదే.

ఆ సాగరతీరముననే 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రారంభమైనది. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర వెలయుచున్నది. కళాశాల గడప త్రొక్కలేనివారికి అది చదువును చేరువ చేసినది. 2017లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన ‘స్వయం’ అను అంతర్జాల విద్యావేదిక అదే బాటలో మరియొక అడుగు.

ఐ.ఐ.టి.లు మొదలగు సంస్థలు నడపు ఎన్.పి.టి.ఇ.ఎల్. కోర్సులు అందు కలవు. అవి 4, 8, 12 వారములవి. చేరుటకు రుసుము లేదు; పరీక్షకు మాత్రము కలదు. పాఠములన్నియు ఒకేనాడు కుమ్మరింపక, వారమువారము కొన్నింటిని విడుదల చేయుదురు. వానివెంట అభ్యాసప్రశ్నలును, సమాధానములకు గడువును ఉండును. అందరును ఒకే పాఠమును ఒకే వారము చదువుదురు గనుక సందేహములు తీర్చుట సులువగును. గడువే లేనిచో రేపు రేపనుచు చదువు అటకెక్కును.

అయినను గడువునకు దయయు తోడు కావలెను. జనవరిలో మొదలగు 12 వారముల కోర్సు ఏప్రిల్ వరకు సాగును. అదియే పల్నాట మిరపకోతల కాలము. తెల్లవారకమునుపే తల్లివెంట చేనికేగు బిడ్డ ఒక గడువు తప్పినచో అది సోమరితనము కాదు. నియమమును అంత కఠినమైనది కాదు. సాధారణముగా 12 అభ్యాసములలో మేలైన 8 మాత్రమే లెక్కింతురు. నూటికి 25 మార్కులు వానికి, 75 పరీక్షకు. కాబట్టి నాలుగు వారములు చేజారినను ఆశ చేజారదు. ఈ సంగతి ఎరుగని బిడ్డ రెండు గడువులు దాటగనే చదువు మానుకొనవచ్చును. అసలు నష్టము అదియే.

పాతికేండ్లు నిండిన ఈ గ్రంథాలయము చేయదగిన పని ఇచటనే యున్నది. పాఠము విడుదలగు దినము, గడువు తేదీ, పై నియమము గోడపలకపై పెద్దక్షరములతో వ్రాయవలెను. కోతలకాలమున రాత్రివేళ మరియొక గంట తలుపు తెరచియుంచవలెను. వెనుకబడిన బిడ్డను పేరుపెట్టి పిలిచి, మిగిలిన వారములు లెక్కించి చూపవలెను.

లస్కరు తూము ఎత్తును. బోదె తీర్చి నీటిని చేనికి మళ్లించుకొనుట ఊరివారి పని.