ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

కారు రోజూ నాలుగడుగులే తిరుగుతోంది, ఆయిల్ మార్చడం ఎందుకు అంటారా? అక్కడే పొరపాటు. ఇంజిన్ బాగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపల చేరిన తేమ ఆవిరైపోదు. ఆయిల్లోనే ఉండిపోతుంది. పైగా దుమ్ము, ట్రాఫిక్.

చాలా పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మళ్లీ చెబుతున్నా, ఏది ముందైతే అది! మీ బండి లెక్క మాన్యువల్‌లో చూడండి. దుమ్ములో తిరిగే బండికి గడువు తగ్గుతుంది.

ఆయిల్ నల్లబడిందని కంగారు పడకండి. మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ పనే. చూడాల్సింది మట్టం. ఈ ఆదివారం బండిని చదునైన చోట ఆపండి. ఇంజిన్ చల్లారాక మట్టం కొలిచే డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయండి. తడి దాని మీదున్న రెండు గుర్తుల మధ్య ఉండాలి.