పాత కారు బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది?

మండే ఎండలు, బొగ్గు ధూళి, సిమెంటు దుమ్ము ఉన్న మన రాజురాలో పాత కారు నడిపేవారికి, అది స్పోర్ట్స్ కారైనా అంబాసిడరైనా, ఒక మాట. బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే వెంటనే కొత్తది కొనకండి. ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి.

పూర్తిగా చార్జయిన బ్యాటరీ, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా పెరగాలి. పెరగకపోతే ఫ్యాన్ బెల్టు బిగువు, బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూశాకే ఆల్టర్నేటర్‌ను అనుమానించండి. 15 దాటితే రెగ్యులేటర్ చెడినట్టే.

తాళం తిప్పగానే చార్జింగ్ దీపం వెలగాలి. చాలా పాత బండ్లలో ఆ బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ పనే మొదలుపెట్టకపోవచ్చు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు మాత్రం ఎప్పుడూ తీయకండి. డయోడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది.