పదిమంది ఆలోచన

పదిమంది కూడి యోచించిన యెడల మంచి నిర్ణయము దానంతటదే పుట్టునని లోకమున నొక నమ్మకము గలదు. అది సగము మాత్రమే నిజము.

1906వ సంవత్సరమున ఇంగ్లండులోని ప్లిమత్ నగరమున జరిగిన పశుప్రదర్శనలో ఒక ఎద్దును నిలిపి, కోసి శుభ్రపరచిన పిమ్మట అది యెంత తూగునో ఊహింపుడని పందెము పెట్టిరి. కసాయివారు, రైతులు, పశువుల సంగతి యెరుగనివారు సైతము ఆరేసి పెన్నీలు చెల్లించి చీటీలు వ్రాసిరి. చెల్లుబాటైన 787 చీటీలను ఫ్రాన్సిస్ గాల్టన్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించెను. వానిని వరుసగా పేర్చగా నడుమ నిలిచిన అంచనా 1,207 పౌనులు. అసలు తూకము 1,198. ఎవరి లెక్క వారిదే; ఒకరి వాగ్ధాటికి మరియొకరు లొంగుటకు అచట ఉపన్యాసములే లేవు. ఉపన్యాసవేదికపై ఈ మాట చెప్పవలసివచ్చుట చమత్కారమే!

రాజ్యవ్యవహారములలో ఇట్టి స్వాతంత్ర్యము దుర్లభము. 1961 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొలువున ఆరితేరిన మేధావులు కూడి, దాదాపు 1,400 మంది ప్రవాసులను క్యూబా తీరమున దింపుటకు సమ్మతించిరి. సెనేటరు ఫుల్‌బ్రైట్ సభలోనే కాదనెను. చరిత్రకారుడు ష్లెసింజర్ కాగితముపై వ్యతిరేకించియు సభలో మిన్నకుండెను. ఆ మౌనమునకు తరువాత తన గ్రంథమున తానే పశ్చాత్తాపపడెను. మూడు దినములలో దండయాత్ర కూలినది. నూరుమందికి పైగా మరణించిరి, వేయిమందికి పైగా బందీలైరి.

1962 అక్టోబరులో అదే క్యూబాలో సోవియట్ క్షిపణులు కనబడెను. సలహాదారులలో పలువురు పాతవారే. పద్ధతి మాత్రము మారినది. తన యెదుట మనసు విప్పరని కాబోలు, కెనడీ కొన్ని సమావేశములకు రాడాయెను. విమానదాడి కోరువారొక జట్టుగను, నౌకాదిగ్బంధము కోరువారొక జట్టుగను చీలి, తమ వాదములను వ్రాసి, పత్రములను మార్చుకొని తప్పులు వెదకిరి. తొలుత దాడివైపు మొగ్గిన కొలువు తుదకు దిగ్బంధమును వరించెను. అక్టోబరు 28న క్రుశ్చేవ్ క్షిపణుల తొలగింపునకు ఒప్పుకొనెను. టర్కీలోని అమెరికా క్షిపణులను గూర్చిన రహస్యపు బేరమును ఇందు గలదు గనుక, కీర్తియంతయు సభావిధానమునకే కట్టరాదు.

ఈ రెండు ఘట్టములను సరిపోల్చి ఇర్వింగ్ జానిస్ అను మనస్తత్త్వవేత్త 1972లో గ్రంథము వెలువరించెను. నాయకుడు తన అభిమతమును ముందుగా వెల్లడింపరాదనియు, నిర్ణయము కుదిరిన పిమ్మటను, మిగిలిన సందేహములను చెప్పుకొనుటకే మరియొకమారు కూడవలెననియు ఆయన సూచించెను.