బిడ్డ చెప్పిన మాట ఎవరి చేతికివ్వాలి?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి సెలవులు వచ్చాయంటే మన ఊళ్ళల్లో చర్చిలవాళ్ళు పిల్లలకు వి.బి.ఎస్. తరగతులు పెడతారు. కాస్త పెద్దపిల్లలకైతే యూత్ క్యాంపులని ఊరికి దూరంగా మూడు రోజులో నాలుగు రోజులో ఉంచుతారు. పాటలూ ఆటలూ, వాక్యం చెప్పటం, కలిసి భోజనాలు చేయటం, ఇవన్నీ పిల్లలకు ఎంత ఇష్టమో తల్లులకు చెప్పనక్కరలేదు. చాలాచోట్ల చక్కగానే జరుగుతాయి. నేనివాళ మాట్లాడబోయేది అలా జరగని చోటు గురించి. మంచి చెప్పవలసిన మనిషే పిల్లవాణ్ణి హింసించాడనో, పాడుపని చేశాడనో బిడ్డ నోట మాట వచ్చిందనుకోండి. ఆ మాట ఎవరి చేతికి వెళ్ళాలి?

మామూలుగా ఏం జరుగుతుందో ఊహించటం కష్టం కాదు. తల్లి తండ్రికి చెబుతుంది. తండ్రి పాస్టరుగారికి చెబుతాడు. ఆయన ఇద్దరు ముగ్గురు సంఘపెద్దలను పిలుస్తారు. తలుపులు వేసుకుని కూర్చుంటారు. ఆ మనిషి కన్నీళ్ళు పెట్టుకుంటాడు, అంతా ప్రార్థన చేస్తారు, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని వేరే ఊరు పంపేస్తారు. దేవుని పనికి మచ్చ రాకూడదు గదా! వాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేననను. కానీ ఈ పద్ధతి ఎంతదూరం పోతుందో తెలియాలంటే ఇంగ్లండులో జరిగిన ఒక వ్యవహారం వినాలి.

జాన్ స్మైత్ అని పేరుమోసిన బారిస్టరు ఒకాయన ఉండేవాడు. అక్కడ గొప్పింటి మగపిల్లలు చదివే స్కూళ్ళ విద్యార్థుల కోసం యూఎర్న్ క్యాంపులని క్రైస్తవ శిబిరాలు జరిగేవి. వాటిని నడిపే ట్రస్టుకు 1970ల్లో ఈయన అధ్యక్షుడు. మంచి మాటకారి, భక్తిపరుడని పేరు. వించెస్టరు దగ్గర ఆయన ఇల్లు. ఆ ఊళ్ళోనే ఉన్న వించెస్టర్ కాలేజీ కుర్రాళ్ళను ఆదివారం భోజనానికి పిలిచేవాడు. అంతటివాడు మన అబ్బాయిని ఇంటికి పిలిచాడంటే ఏ తల్లి సంతోషించదు చెప్పండి! ఆ ఇంటి తోటలో ఒక షెడ్డు ఉండేది, చప్పుడు బయటికి రాకుండా కట్టించినది. పాపాలకు ప్రాయశ్చిత్తం అంటూ కుర్రాళ్ళను అక్కడ బెత్తంతో రక్తం కారేలా కొట్టేవాడు.

1982లో వాళ్ళలో ఒక యువకుడు ప్రాణం తీసుకోబోయాడు. అప్పుడు పెద్దలు కదిలారు. మార్క్ రస్టన్ అనే మతాచార్యుడు విచారించి రిపోర్టు రాశాడు. ఎనిమిది మంది కుర్రాళ్ళకు కలిపి సుమారు 14,000 దెబ్బలు పడ్డాయని అందులో ఉంది. ఇది చట్టప్రకారం నేరమేనని కూడా అందులోనే ఉంది. అంతా తెలిసింది, అంతా రాశారు. రాసి, కొందరు పెద్దలు చదివి, దాచేశారు. పోలీసులకు కబురు వెళ్ళలేదు.

వించెస్టర్ కాలేజీ హెడ్‌మాస్టరుకు కూడా ఆ సంగతి తెలిసింది. ఇక్కడికి అడుగుపెట్టను, మీ పిల్లలతో సంబంధం పెట్టుకోను అని స్మైత్ చేత రాయించుకున్నాడు. పోలీసులకెందుకు చెప్పలేదయ్యా అంటే, మా పిల్లలు పడింది చాలు, ఇంకా బాధ పెట్టవద్దని తల్లిదండ్రులు అనుకోవటం అందుకు ఒక కారణమని 2017లో ఆ స్కూలు చెప్పింది. ఈ ఒక్క మాట దగ్గర మనం ఆగాలి. ఆ తల్లులను తప్పుపట్టటానికి నాకు నోరు రాదు. బిడ్డ గాయం నలుగురిలో పెట్టటానికి ఎవరికి మనసొప్పుతుంది? అయితే ఆ కాగితం కాపాడింది ఆ స్కూలు గేటు వరకే. గేటు బయట లోకం చాలా పెద్దది.

స్మైత్ 1984లో జింబాబ్వే వెళ్ళిపోయాడు. అక్కడ మళ్ళీ క్రైస్తవ శిబిరాలు, మళ్ళీ మగపిల్లలు, మళ్ళీ దెబ్బలు. 1992 డిసెంబరులో ఆయన శిబిరంలో 16 ఏళ్ళ కుర్రవాడు ఈతకొలనులో శవమై తేలాడు. కేసు పెట్టారుగాని తీర్పుదాకా రాకుండానే వీగిపోయింది. అక్కడినుంచి దక్షిణాఫ్రికా చేరాడు. 2013లో ఇంగ్లండు చర్చి పెద్దలకు ఈ సంగతి మళ్ళీ చేరింది. అప్పుడూ సరిగా కదలలేదు. 2017లో ఒక టెలివిజన్ వాళ్ళు బయటపెట్టాకగాని లోకానికి తెలియలేదు. 2018లో ఆయన కేప్‌టౌనులో కన్నుమూశాడు, ఏ కోర్టూ శిక్ష వేయకుండానే. 2024 నవంబరులో కీత్ మేకిన్ విచారణ నివేదిక వచ్చింది. బాధితులు ఇంగ్లండులోనూ ఆఫ్రికాలోనూ కలిపి వందకు పైనే అని అందులో తేలింది. 2013లో తెలిసినప్పుడు చేయవలసినంత చేయలేదన్న విమర్శ మీద ఆ చర్చికి పెద్ద అయిన ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాడు. దేవుని పనికి మచ్చ రాకూడదని దాచిన సంగతి, నలభై రెండేళ్ళ తరువాత ఆ చర్చి తలకే చుట్టుకుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. మనకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందేమోనని గట్టి అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. తల్లీ తండ్రే కాదు, పాస్టరుగారైనా, టీచరైనా, వార్డెనైనా సరే. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే ఏడాది దాకా. కాబట్టి సంఘంలో మనం మనం తేల్చుకుందామనటం మంచితనం కాదు, నేరం. లైంగికం కాకపోయినా, స్మైత్ చేసినట్లు చావగొట్టటం కూడా 2015 నాటి బాల న్యాయ చట్టం కింద శిక్షార్హమే.

పోలీస్ స్టేషనంటే మనకు భయమే, కాదనను. కానీ ఈ చట్టంలో పిల్లను స్టేషనుకు ఈడ్చే పని లేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. వీలైనంతవరకు మహిళా ఎస్సై, అదీ యూనిఫారం లేకుండా రావాలి. తల్లో తండ్రో పక్కన ఉండవచ్చు. బిడ్డ పేరు పత్రికలకెక్కకూడదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఎదురు కేసు నిలవదు. 1098కి ఫోను చేసినా దారి చూపిస్తారు.

"అబద్ధమైతేనో? మంచి మనిషి బతుకు పాడైపోదూ?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిజమో అబద్ధమో తేల్చవలసినవాళ్ళు వేరే ఉన్నారు, అది మన పనీ కాదు, పెద్దల పనీ కాదు. అయిదుగురు పెద్దలు చుట్టూ కూర్చుని, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని బిడ్డను పదిసార్లు అడిగితే నిజం కూడా తికమకపడి అబద్ధంలా వినిపిస్తుంది. అంతలో ఆ పెద్దమనిషికి ముందే తెలిసిపోయి, సాక్ష్యాలు మాయం చేసుకునే వీలూ దొరుకుతుంది. విచారణ సాగినన్నాళ్ళూ అతన్ని పిల్లల పనికి దూరంగా ఉంచితే చాలు. అందువల్ల నిర్దోషికి పోయేదేమీ లేదు.

బిడ్డ మీతో చెప్పినప్పుడు మాత్రం కేకలు వేయకండి. "నువ్వెందుకెళ్ళావ్, అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనకండి. ఆ మాటతో నోరు మూతపడితే మళ్ళీ తెరుచుకోవటం చాలా కష్టం. చెప్పినంత వినండి. చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు అనండి. బిడ్డ ఏ మాటలతో చెప్పిందో ఆ మాటల్లోనే, తేదీ వేసి, ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం పెట్టకండి, ఆ ఒట్టు మీరు నిలబెట్టుకోలేరు. క్షమించమని బిడ్డ మీద ఒత్తిడి తేవటం కూడా చూస్తుంటాం. క్షమ అన్నది ఆ బిడ్డ పెద్దయ్యాక తనంతట తాను తేల్చుకునే సంగతి. పోలీసు ఫిర్యాదుకూ దానికీ సంబంధం లేదు.

ఈసారి క్యాంపుకు పంపేముందు ఫీజు ఎంత, పచ్చడి పెట్టాలా వద్దా అని అడుగుతారు గదా, దాంతోపాటు ఇంకొన్ని అడగండి. రాత్రి పిల్లల గదిలో పెద్దవాళ్ళెవరు పడుకుంటారు? ఒక్క పెద్దమనిషితో ఒక్క పిల్లవాడు ఒంటరిగా ఉండే సందర్భాలున్నాయా? ఇదివరకు ఏ ఊళ్ళో పనిచేశాడు, అక్కడినుంచి ఎందుకు వచ్చేశాడు? బిడ్డ ఇంటికి ఫోను చేయాలంటే ఎవరి అనుమతి కావాలి? సజావుగా నడిపేవాళ్ళు వీటికి కోపం తెచ్చుకోరు. కోపం వస్తే, ఆ మూడు రోజులూ పిల్లవాణ్ణి అమ్మమ్మగారింటికి పంపండి.